విజయనగరంలో గురజాడ వారి ఇల్లు: చూడబోయేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం వచ్చిన చుట్టాలకి కోట, గంటస్తంభం, పైడితల్లి అమ్మవారి గుడి చూపించి బస్సెక్కించేయడం మా ఊళ్ళో అలవాటు. ఆ చుట్టుపక్కలే గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉన్నా, లోపలికి అడుగుపెట్టేవాళ్ళు తక్కువ. నేను బడిలో తెలుగు చెప్తాను కాబట్టి, వెళ్దామనుకున్నవాళ్ళు ముందుగా నాకు ఫోన్ చేస్తుంటారు. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి నుంచి వచ్చే టీచర్లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే అమ్మానాన్నలు, నాటకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులు ఒక్కచోట రాస్తున్నాను.

ఇల్లు ఎక్కడుంది? ఎలా చేరుకోవాలి?

పాత ఊళ్ళో, కోటకి దగ్గరలో. రైల్వే స్టేషన్లో దిగినా ఆర్టీసీ కాంప్లెక్సులో దిగినా ఆటో ఎక్కి "గురజాడ వారి ఇల్లు" అంటే చాలు. డ్రైవరు కుర్రాడికి తెలియకపోతే కోట దగ్గర దింపమనండి, అక్కడ ఏ దుకాణంలో అడిగినా దారి చెప్తారు. విశాఖపట్నం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి అంతకంటే కాస్త ఎక్కువ. హౌరా నుంచి చెన్నై వెళ్ళే మెయిన్ లైన్లో విజయనగరం జంక్షన్. రాయపూర్ లైను ఇక్కడే చీలుతుంది కాబట్టి బొబ్బిలి, పార్వతీపురం వాళ్ళకి కూడా రైలే సుఖం.

ఆయన పుట్టిన ఇల్లు ఇదేనా?

కాదు. చాలామంది ఇదే అనుకుని వస్తారు. గురజాడ 1862 సెప్టెంబర్ 21న ఎస్. రాయవరంలో, మేనమామ గారింట్లో పుట్టారు. అది యలమంచిలి దగ్గర, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. తండ్రి వెంకట రామదాసు గారు చీపురుపల్లిలో ఉద్యోగం చేయడంతో చిన్నప్పటి చదువు అక్కడ సాగింది. తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. అప్పట్లో మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రాడికి తిండీ నీడా చూసి చదువు నిలబెట్టారు. 1882లో మెట్రిక్, 1886లో బీఏ పాసయ్యారు. ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. 1915 నవంబర్ 30న ఇదే ఊళ్ళో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు.

పుట్టింది మరోచోటైనా, మనం ఇవాళ చదువుకునే గురజాడ తయారైంది విజయనగరంలోనే.

లోపల ఏముంటాయి?

ఇది స్మారక గృహం, దాంతోపాటు ఊరివాళ్ళు చదువుకునే గ్రంథాలయం. ఆయనకి సంబంధించిన వస్తువులు, ఫోటోలు, పుస్తకాలు ఉంటాయి. పెద్ద మ్యూజియంలో ఉండే హంగూ ఆర్భాటం ఊహించుకుని రాకండి. ఇది ఒక మధ్యతరగతి ఉద్యోగి బతికిన ఇల్లు, అదే నాకు నచ్చే విషయం. జీతం డబ్బుల మీద సంసారం లాగుతూ, తరచూ జబ్బుపడుతూ, పగలు సంస్థానం పనులు చూసుకుంటూ, మిగిలిన టైములో ఆయన అంత పని చేశారు.

గబగబా ఒక చుట్టు చుట్టేసి బయటికొస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. అలా చూడకండి. ఒకచోట కూర్చోండి. గ్రంథాలయం కాబట్టి మాట తగ్గించండి. చదువుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళలో ఉద్యోగ పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్ళు ఉండొచ్చు.

వెళ్ళేముందు 'కన్యాశుల్కం' చదివి తీరాలా?

చదివితే ఆ ఇల్లు వేరేగా కనిపిస్తుంది. ఒక్క అంకమైనా చదివి రండని నేను బతిమాలి మరీ చెప్తాను. కొనేటప్పుడు ఏ ప్రతి అన్నది చూసుకోండి. నాటకం మొదటిసారి 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు. 1897లో అచ్చయింది, అందులో అయిదు అంకాలు. 1909లో ఆయనే తిరగరాసి ఏడు అంకాలు చేశారు. మనందరికీ తెలిసిన మధురవాణి నిండుగా కనిపించేది ఈ రెండో కూర్పులోనే, మొదటిదాంట్లో ఆమె పాత్ర చాలా చిన్నది. బజార్లో మామూలుగా దొరికేది రెండోదే. మొదటి కూర్పు కూడా విడిగా దొరుకుతుంది గానీ, కొత్తవాళ్ళు దాంతో మొదలుపెట్టొద్దు.

అంత తీరిక లేకపోతే 'దిద్దుబాటు' చదవండి. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిన కథ, పావుగంటలో అయిపోతుంది. ఆయన రాసినవన్నీ ఒక్కచోట కావాలంటే 150వ జయంతి సందర్భంగా 2012లో మనసు ఫౌండేషన్ వాళ్ళు తెచ్చిన 'గురజాడలు' ఉంది. అది ప్రయాణంలో పట్టుకెళ్ళే పుస్తకం కాదు, బాగా బరువు.

రాజుగారికీ ఆయనకీ ఏమిటి సంబంధం? ఆస్థానకవా?

పొగుడుతూ పద్యాలు చెప్పే ఆస్థానకవి కాదు. ఆనంద గజపతి మహారాజుకి ఆయన మాటంటే గౌరవం. కాలేజీలో పాఠాలతోపాటు సంస్థానం తరఫున శాసనాలు పరిశోధించే పని కూడా చేశారు. నాటకం అంకితమిచ్చింది ఆనంద గజపతికే. ఆ మహారాజు 1897లో పోయాక, ఆయన సోదరి రీవా మహారాణికి గురజాడ కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వం మీద నడిచిన పెద్ద దావా పనులు కొన్నేళ్ళపాటు ఆయన మెడకి చుట్టుకున్నాయి. మన సాహిత్యానికి రావాల్సిన ఎన్ని పేజీలు ఆ కోర్టు కాగితాల్లో కలిసిపోయాయో అని నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' అనే రెండు నాటకాలు పూర్తికాకుండానే ఉండిపోయాయి.

కన్యాశుల్కం అంటే పాతకాలపు ఆచారం. ఇప్పుడా గొడవ మనకెందుకు?

ఈ ప్రశ్న ఇంటర్ పిల్లలు ఎక్కువగా అడుగుతారు. నేను వాళ్ళకి మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న పీఠిక చూపిస్తాను. ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళిచేసే పద్ధతి మీద మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో లెక్క తీయించారు. బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళు, లెక్కకి అందినవే, 1034. ఆ పిల్లల్లో అయిదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది వయసున్నవాళ్ళు ముగ్గురు. ఏడాది పిల్లకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ లెక్క బోర్డు మీద రాస్తాను. ఏడాది దగ్గరికి వచ్చేసరికి క్లాసులో గుసగుసలు ఆగిపోతాయి. ఇంట్లో చిన్న చెల్లెళ్ళు ఉన్న పిల్లలు కదా, వాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. డబ్బు పుచ్చుకుని ముసలాడికిచ్చిన పిల్ల నాలుగేళ్ళకి విధవైతే, ఆ తర్వాత నాటకంలో చిన్న వయసులోనే విధవైన బుచ్చమ్మలా ఒక మూల బతకాలి. నాటకంలో మనం నవ్వే ప్రతి మాట కింద ఈ లెక్క ఉంది.

శుల్కం పోయింది, కట్నం వచ్చింది. పదో తరగతి అవగానే పెళ్ళి కుదిరి బడి మానేసే ఆడపిల్లలు మా జిల్లాల్లో ఇంకా ఉన్నారు. అందుకే ఇది పాత గొడవ అని నేననుకోను.

నాటకంలో వచ్చే బొంకులదిబ్బ నిజంగా ఉందా?

ఉంది. కోట ముందరి ప్రాంతానికే ఆ పేరు. తెర లేవగానే గిరీశం నిలబడి మాట్లాడేది అక్కడే. పూటకూళ్ళమ్మ సరుకుల డబ్బు ఖర్చుపెట్టేసి, ఊరొదిలి ఎలా జారుకోవాలా అని లెక్కలేసుకుంటూ కనిపిస్తాడు. ఇప్పుడు మీకు దిబ్బ కనపడదు, అంగళ్ళూ బళ్ళూ జనమూ కనపడతారు. అయినా ఇల్లు చూసి, సాయంకాలం అక్కడికి నడిచి వెళ్ళి, ఫోన్లో మొదటి పేజీ తీసి పైకి చదవండి. నాటకంలోనూ అది సాయంకాలమే. సంతలో బేరాలాడే గొంతుల మధ్య గిరీశం మాటలు ఎంత సహజంగా కలిసిపోతాయో విన్నవాళ్ళకే తెలుస్తుంది.

కోట గురించి కూడా రెండు ముక్కలు. 1713లో శంకుస్థాపన జరిగింది. లోపలి మోతీ మహల్ 1869 నాటిది. గురజాడ చదివి, పాఠాలు చెప్పిన మహారాజా కాలేజీ 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. ఎండ లేనప్పుడు ఇవన్నీ నడిచి చూడొచ్చు.

పిల్లలకి బోర్ కొట్టదా?

"ఇది మహాకవి ఇల్లు, దండం పెట్టండి" అంటే కచ్చితంగా కొడుతుంది. నేను ఎనిమిదో తరగతి వాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు 'దిద్దుబాటు' ముందే జిరాక్స్ తీసి ఇస్తాను. చూడ్డం అయ్యాక బయట నీడపట్టున కూర్చుని పాత్రలు పంచుకుని చదువుతారు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు "తలుపు! తలుపు!" అని పిలవడంతో కథ మొదలవుతుంది. మొన్నొకసారి ఆ మాట చదవాల్సిన కుర్రాడు సిగ్గుపడి నెమ్మదిగా గొణిగాడు. పక్కనున్న అమ్మాయి కాగితం లాక్కుని, "అలా పిలిస్తే ఎవులు తీస్తారురా?" అంటూ గట్టిగా చదివింది. తర్వాత నౌకరు రాముడి మాటలు వచ్చాయి. పిల్లలు తెలియకుండానే ఇంట్లో మాట్లాడుకునే గొంతులోకి మారిపోయారు. గోపాలరావు భార్య కమలిని రాసిన ఉత్తరం దగ్గర అందరూ కాగితాల మీదికి వంగారు. ఆమె పుట్టింటికి పోలేదు, మంచం కిందే ఉందని చివర్లో తెలిసేసరికి ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు.

ఇంకా చిన్నపిల్లలైతే 'దేశభక్తి' గేయంలో నాలుగు పంక్తులు పాడించండి. వాళ్ళకి వచ్చే ఉంటుంది. రాసినాయన ఈ ఇంట్లోవాడే అని తెలిస్తే ముఖాలు వెలుగుతాయి.

నాటకంలో వేశ్య పాత్ర ఉంది కదా, పిల్లలకి చెప్పొచ్చా?

హైస్కూలు పిల్లలకి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. మధురవాణి ఆ నాటకంలో అందరికంటే తెలివైన మనిషి, మాట మీద నిలబడే మనిషి. పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవాళ్ళు చిన్నపిల్లని అమ్మబోతుంటే, ఆ పెళ్ళి తప్పించడానికి చెయ్యి వేసింది ఆమె. మనం మొహమాటపడి దాచేస్తే పిల్లలు ఆమెని సగం సగం సినిమా మాటల్లో తెలుసుకుంటారు. చిన్న తరగతులకి మాత్రం వద్దు, వాళ్ళకి ఆయన గేయకథ 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ' చాలు. చదివేటప్పుడు పక్కన ఉండండి, ఏడుస్తారు.

మా పిల్లలు యాసలో మాట్లాడితే బయట నవ్వుతారు. ఆ ఇంటికి తీసుకెళ్తే ఏమైనా ఉపయోగమా?

ఈ ప్రశ్న నన్ను ఒక తల్లి అడిగారు, పలాస వైపు ఆవిడ. పెద్దబ్బాయి పై చదువులకి వేరే ఊరు వెళ్ళాడు. "ఏటి", "ఎలగ" అన్నాడని హాస్టల్లో ఏడిపించారు. సెలవులకి ఇంటికొచ్చి అమ్మతో కూడా పుస్తకంలో మాటల్లా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడకి అది కొడుకు దూరమైనట్టే అనిపించింది.

అవునమ్మా, తప్పకుండా తీసుకురండి అన్నాను. ఆయన కాలంలో తెలుగులో రాయడమంటే గ్రాంథికంలో రాయడమే. నోటితో మాట్లాడేది రాతకి పనికిరాదన్నారు, మన భాష నాటకానికి తగదని కూడా అనేవారు. సంఘాన్ని బాగుచేయడంతోపాటు ఆ అపోహని పోగొట్టడం కూడా నాటకం రాయడానికి ఒక కారణమని గురజాడ పీఠికలోనే చెప్పుకున్నారు. ఆయన ఆ నాటకాన్ని విజయనగరం ఇళ్ళల్లో, వీధుల్లో వినపడే మాటలతో నింపారు. అగ్నిహోత్రావధాన్లు కోపం ఒకలా మాట్లాడుతుంది, పూటకూళ్ళమ్మ తిట్టు ఒకలా ఉంటుంది, నౌకరు అసిరిగాడి మాట ఇంకోలా. ఎవరి గొంతు వాళ్ళది. ఒకళ్ళ మాట ఎక్కువా ఒకళ్ళది తక్కువా అని ఆయన ఎక్కడా చూడలేదు.

ఆయన ఒంటరిగా చేసిన పని కూడా కాదు. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టినవారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మద్రాసు విశ్వవిద్యాలయంలో వాడుక భాష మీద తగువు నడిచినప్పుడు, గ్రాంథికం వైపు మొగ్గిన మెజారిటీ మాటని ఒప్పుకోకుండా గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశారు. అప్పటికి గెలుపు గ్రాంథికానిదే. మరుసటేడే ఆయన పోయారు. ఇవాళ మీ ఇంటికొచ్చే పేపరు, మీ పిల్లల పాఠం, మీరిప్పుడు చదువుతున్న ఈ పేజీ, అన్నీ ఆయన ఓడిపోయిన పక్షం భాషలోనే ఉన్నాయి.

ఆ తల్లీకొడుకులు వచ్చారు. అబ్బాయిని అసిరి మాటలు చదవమన్నాను. మొదట తలవంచుకుని చదివాడు, తర్వాత తల ఎత్తాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మతో, "అమా, ఆకలేస్తంది, ఏటైనా తిందాం" అన్నాడు. ఆవిడ నావైపు చూసి ఏమీ అనలేదు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకి ముసలివాళ్ళని, పసిపిల్లల్ని తిప్పకండి. అక్టోబర్‌లో తుపాన్ల భయం ఉంటుంది, వార్తలు చూసుకుని బయల్దేరండి.

సెప్టెంబర్ 21 జయంతికీ నవంబర్ 30 వర్ధంతికీ ఊళ్ళో సభలు, పూలమాలలు, పిల్లల వేషాలు ఉంటాయి. గిరీశాలూ మధురవాణులూ వీధుల్లో కనిపిస్తారు. ఆ సందడి కావాలంటే అప్పుడు రండి. నెమ్మదిగా చూడాలంటే ఆ రెండు రోజులూ వదిలి మామూలు పనిరోజు ఉదయం రండి. ఆదివారాలు, పండగ సెలవుల్లో వచ్చేవాళ్ళు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఇంకో మాట. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరుగుతుంది, ఆ దారంతా ఇసకేస్తే రాలని జనం. ఉత్సవం చూడ్డానికి తప్పకుండా రండి గానీ, ఆ రోజు గురజాడ వారి ఇల్లు కూడా చూద్దామనుకోకండి.

ఫోటోలు తీసుకోవచ్చా?

లోపలున్నవాళ్ళని అడిగి తీసుకోండి. పాత కాగితాల మీద ఫ్లాష్ వేయకండి. ఏ వస్తువునీ ముట్టుకోకండి, కుర్చీలాంటిది కనిపిస్తే కూర్చుని ఫోటో దిగాలని అసలే చూడకండి.

నాటకం ఎక్కడైనా చూడొచ్చా?

జయంతి రోజుల్లో కొన్ని రంగాలైనా ఎక్కడో ఒకచోట ఆడుతూ ఉంటారు. మొత్తం నాటకం ఆడితే తెల్లవారిపోతుంది కాబట్టి కుదించి ఆడటమే అలవాటు. 1950లలో మా ఊరి అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి దీన్ని పట్టుకుని ఊరూరా ఆడారు. రమణమూర్తి గారి గిరీశాన్ని చూసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఎదురైతే మాట కలపండి, ఒక గంట మీది కాదు. 1955లో సినిమా కూడా వచ్చింది, ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సావిత్రి కోసం చూడండి, కానీ నాటకం చదవడానికి బదులుగా చూడొద్దు.

అదే రోజు ఇంకేం చూడొచ్చు?

ఊళ్ళోనే సంగీత కళాశాల ఉంది. 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ చెప్పారు, ఘంటసాల అక్కడ నేర్చుకున్నారు. సాధన జరిగే వేళల్లో బయట నిలబడినా వినపడుతుంది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో రైలెక్కితే దూసి, పొందూరు, చీపురుపల్లి మీదుగా విజయనగరం చేరతారు. చీపురుపల్లి రాగానే పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గురజాడ అక్షరాలు దిద్దిన ఊరని చెప్పండి. తిరుగు ప్రయాణంలో ఓపిక ఉంటే శ్రీకాకుళంలో కథానిలయానికి కూడా వెళ్ళండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం అది, తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన పట్టుబట్టి కట్టినది. 'దిద్దుబాటు' చదివిన పిల్లలకి ఆ తర్వాత వందేళ్ళలో మనవాళ్ళు ఎన్ని కథలు రాశారో అక్కడి అల్మరాల్లో కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పొద్దున్న ఏడు గంటల లోపే ఇల్లు కదలండి, మధ్యాహ్నం భోజనం విజయనగరంలో కానిచ్చి రెండింటికల్లా బస్సెక్కండి. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే కథానిలయాన్ని ఇంకో రోజుకి పెట్టుకోవడం మంచిది.